రేటు పక్కన గంటలు

మన గడియారంలో ఉదయం 5:30కి, మధ్యాహ్నం 1:30కి, రాత్రి 9:30కి క్రిప్టో మార్కెట్లలో ఎవరూ కొనకుండా, ఎవరూ అమ్మకుండానే పెద్ద మొత్తాలు చేతులు మారతాయి. ధర పెరుగుతుందని లాంగ్ తీసుకున్నవాళ్ల ఖాతాల్లోంచి, తగ్గుతుందని షార్ట్ చేసినవాళ్ల ఖాతాల్లోకి. ఒక్కోసారి అటు నుంచి ఇటు. దీన్నే ఫండింగ్ అంటారు. ఎంత శాతం మారాలో చెప్పే అంకె ఫండింగ్ రేటు. ఆ అంకెల్ని రకరకాల ఎక్స్ఛేంజీల ఏపీఐల నుంచి తెచ్చి, సరిచూసి, పదేళ్ల తర్వాత ఎవరు అడిగినా చూపించేలా దాచిపెట్టడం నా ఉద్యోగం. ఉండేది హైదరాబాద్‌లో, పనిచేసేది సింగపూర్‌లోని ఒక చిన్న ట్రేడింగ్ సంస్థకు.

ఎన్ఎస్ఈలో నిఫ్టీ ఫ్యూచర్స్ చూసినవాళ్లకు ఎక్స్‌పైరీ గురించి చెప్పక్కర్లేదు. గడువు దగ్గరపడేకొద్దీ ఫ్యూచర్ ధర అసలు (స్పాట్) ధరవైపు జరుగుతుంది, గడువు రోజున రెండూ కలుస్తాయి. పర్పెచ్యువల్ ఫ్యూచర్స్‌కి ఆ గడువే లేదు. ఇవాళ తీసుకున్న పొజిషన్‌ని ఏళ్ల తరబడి ఉంచుకోవచ్చు. మరి కాంట్రాక్టు ధర స్పాట్ ధరని వదిలేసి తన దారిన తాను పోకుండా ఆపేదేమిటి? ఫండింగే. కాంట్రాక్టు స్పాట్ కన్నా పైన ఉంటే లాంగ్‌లు షార్ట్‌లకు కట్టాలి, కింద ఉంటే షార్ట్‌లు లాంగ్‌లకు కట్టాలి. ఎగబడి కొనేవాళ్లకు ఖర్చు పెరుగుతుంది, వాళ్లకు ఎదురు నిలిచేవాళ్లకు ఆదాయం వస్తుంది, ధర మెల్లగా దారికొస్తుంది. గడువులేని ఫ్యూచర్స్ అనే ఆలోచనను ఆర్థికవేత్త రాబర్ట్ షిల్లర్ 1993లో అచ్చయిన ఒక వ్యాసంలో ప్రతిపాదించారు. ఇళ్లలాగా రోజూ కొనుగోళ్లు, అమ్మకాలు జరగని ఆస్తులు ఆయన మనసులో ఉన్నాయి. జనం చేతుల్లోకి అది వచ్చింది మాత్రం 2016 మేలో, బిట్‌మెక్స్ బిట్‌కాయిన్ పర్పెచ్యువల్ మొదలుపెట్టినప్పుడు. ఈ పదేళ్లలో క్రిప్టో లావాదేవీల్లో సింహభాగం దీనిదే అయింది.

రేటు కట్టే సూత్రం చిన్నదే. కాంట్రాక్టు ధర ఇండెక్స్ ధర (వివిధ స్పాట్ మార్కెట్ల సగటు) కన్నా ఎంత ఎక్కువో తక్కువో నిమిషనిమిషానికీ చూసి సగటు కడతారు, అది ప్రీమియం. దానికి వడ్డీ భాగం కలుపుతారు, మామూలుగా 8 గంటలకు 0.01 శాతం. ఈ రెండింటి తేడా 0.05 శాతం దాటనంతవరకూ ప్రీమియం లెక్కలోకి రాదు. అంటే ప్రీమియం మైనస్ 0.04కీ ప్లస్ 0.06కీ మధ్య ఎక్కడున్నా రేటు సరిగ్గా 0.01 శాతమే. అందుకే ప్రశాంతమైన నెలల ఫైలు తెరిస్తే 0.0001, 0.0001, 0.0001 అని వరసగా కనబడుతుంది. కొత్తగా చేరినవాళ్లు డేటా ఎక్కడో ఇరుక్కుపోయిందని కంగారుపడతారు. ఇరుక్కోలేదు, మార్కెట్ నెమ్మదిగా ఉంది, అంతే.

ఆ 0.01 శాతాన్ని చిన్నచూపు చూడకూడదు. బిట్‌కాయిన్ 60,000 డాలర్లున్నప్పుడు ఒక బిట్‌కాయిన్ లాంగ్ మీద ఎనిమిది గంటలకు 6 డాలర్లు, రోజుకు 18. ఏడాదికి లెక్కేస్తే 10.95 శాతం. మార్కెట్ ఊగిపోయే రోజుల్లో రేటు 0.1 శాతానికి చేరుతుంది. అప్పుడు 20 రెట్ల లివరేజీతో కూర్చున్నవాడు ప్రతి ఎనిమిది గంటలకూ తన మార్జిన్‌లో 2 శాతం, రోజుకు 6 శాతం కడుతున్నట్టు. ధర కదలకపోయినా డబ్బు కరిగిపోతుంది. ఈ మార్కెట్‌లో చేయిపెట్టే మన కుర్రాళ్లలో చాలామంది ధర గ్రాఫును రెప్పవేయకుండా చూస్తారు గానీ, స్క్రీన్ మూలన చిన్న అక్షరాల్లో ఉండే ఈ అంకెవైపు చూడరు. నాకు బాధ కలిగించే విషయమిది. అడిగిన ప్రతివాళ్లకూ ముందు ఈ లెక్కే చెబుతాను.

ఫండింగ్ అందుకునేవైపు నిలబడటాన్నే వ్యాపారంగా చేసుకున్నవాళ్లూ ఉన్నారు. స్పాట్‌లో ఈథర్ కొని, అంతే పరిమాణంలో పర్పెచ్యువల్ షార్ట్ చేస్తే ధర ఎటుపోయినా లాభనష్టాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఫండింగ్ మిగులుతుంది. 2024లో జనం ముందుకొచ్చిన ఎథీనా సంస్థ యూఎస్‌డీఈ అనే డాలర్ టోకెన్‌నే ఈ పద్ధతి మీద నిలబెట్టింది. అలాంటి పని చేసేవాళ్లకు మూడేళ్ల కిందట రేటు ఎంత, ఎన్నాళ్లు మైనస్‌లో ఉంది, ఎంత లోతుకు పోయింది అన్నవి చాలా ముఖ్యం. మా సంస్థలో ఆ ప్రశ్నలు మా టేబుళ్ల దగ్గరికి వస్తాయి.

చూడటానికి తేలికైన పనే. ఫండింగ్ చరిత్ర బహిరంగ సమాచారం. చాలాచోట్ల ఖాతా అక్కర్లేదు, కీ అక్కర్లేదు. కాయిన్ పేరు, మొదలు తేదీ, చివరి తేదీ పంపితే వరుసలు వచ్చేస్తాయి. ప్రతి వరుసలో పేరు, రేటు, మిల్లీసెకన్లలో సమయం. పది లైన్ల పైథాన్ చాలు. ఇంటర్న్‌షిప్‌కి వచ్చే పిల్లలు మొదటిరోజు మధ్యాహ్నానికే రాసి చూపిస్తారు. ఆ సాయంత్రం నుంచే అసలు పని మొదలవుతుంది.

ముందుగా పరిమితులు. బైనాన్స్ ఒక్క రిక్వెస్టుకు గరిష్ఠంగా 1000 వరుసలు ఇస్తుంది. రోజుకు మూడు చొప్పున ఏడాదికి 1095, అంటే ఒక్క సంవత్సరం కూడా ఒక్కసారికి రాదు. బైబిట్ 200 ఇస్తుంది, రెండు నెలల పైచిలుకు. హైపర్‌లిక్విడ్ 500 ఇస్తుంది గానీ అక్కడ ఫండింగ్ గంటగంటకూ, కాబట్టి అవి 21 రోజులకు కూడా చాలవు. ఓకేఎక్స్ ఏపీఐ దాదాపు మూడు నెలల వెనక్కి మించి ఇవ్వదు. కొన్ని పాతవాటి నుంచి కొత్తవాటికి వరుస పెడతాయి, కొన్ని కొత్తవాటి నుంచి పాతవాటికి. పేజీలు తిప్పేటప్పుడు బైనాన్స్‌లో చివరి వరుస సమయం పట్టుకుని ముందుకు నడవాలి, బైబిట్‌లో వెనక్కి నడవాలి. దిశ తప్పితే ఏ ఎర్రరూ రాదు. మధ్యలో వారాలకు వారాలు జారిపోతాయి, స్క్రిప్టు మాత్రం పని పూర్తయిందని చెబుతుంది. అందుకే ప్రతి దిగుమతి తర్వాత మేం ముందు చూసేది రేటు కాదు, పక్కపక్క వరుసల మధ్య సమయం.

ఆ సమయాలకూ ఒక తీరుంటుంది. సరిగ్గా ఎనిమిది గంటలకు జరిగినదాని ముద్ర కొన్ని మిల్లీసెకన్లు అటూఇటూగా ఉంటుంది. రెండు ఎక్స్ఛేంజీల టేబుళ్లను సమయం మీద కలపబోతే కలవవు. మేం వచ్చిన సమయాన్ని వచ్చినట్టే ఒక కాలమ్‌లో ఉంచి, దగ్గరి గంటకు సర్దినదాన్ని ఇంకో కాలమ్‌లో పెడతాం. అంతా యూటీసీలోనే. బిట్‌మెక్స్ ఫండింగ్ యూటీసీలో 4, 12, 20 గంటలకు. ఆ చివరిది మనకు రాత్రి 1:30, అంటే తేదీ మారిపోయాక. మన తేదీ ప్రకారం రోజువారీ మొత్తం కట్టినవాళ్ల లెక్క, లండన్‌లో కూర్చున్నవాళ్ల లెక్కతో కలవదు. రేట్లను కూడా చాలా ఏపీఐలు అక్షరాల రూపంలోనే, కొటేషన్ల మధ్య పంపుతాయి. అలా పంపడానికి కారణముంది. వాటిని ఫ్లోట్‌గా మార్చకుండా డెసిమల్‌గా చదవాలి. ఒక్క వరుసలో తేడా కనిపించదు, లక్షల వరుసలు కూడినప్పుడు కనిపిస్తుంది.

ఒకరోజు మా టీమ్‌లో కొత్తగా చేరిన హనుమకొండ కుర్రాడు లాప్‌టాప్ పట్టుకుని ఉత్సాహంగా వచ్చాడు.

"అక్కా, ఇది చూశారా? బైనాన్స్‌లో 0.0001 ఉంది. హైపర్‌లిక్విడ్‌లో 0.0000125. ఎనిమిదో వంతు! ఇక్కడ షార్ట్ చేసి, అక్కడ లాంగ్ తీసుకుంటే తేడా అంతా మిగిలినట్టే కదా?"

"ఇది ఎన్ని గంటలకి, తమ్ముడూ? అది ఎన్ని గంటలకి?"

అతను ఒక్క క్షణం ఆగాడు. మొదటిది ఎనిమిది గంటలకు, రెండోది గంటకు. 0.0000125ని ఎనిమిదితో గుణిస్తే 0.0001. రెండుచోట్లా రేటు ఒకటే.

మన ఊళ్లలో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలని అందరికీ తెలుసు, నెల అన్న మాట ఎవరూ పైకి అనరు. బ్యాంకులో తొమ్మిది శాతం అంటే ఏడాదికి. ఆ సంగతి తెలియనివాడు రెండూ తొమ్మిదీ పక్కపక్కన పెట్టుకుని, షావుకారే చౌక అనుకుంటాడు. ఫండింగ్ రేటు కూడా అంతే, కాలం చెప్పకపోతే అది రేటే కాదు. ఈ ఉద్యోగంలో నేను నమ్మేది, పదిమందికీ చెప్పేది ఇదొక్కటే. ఏపీఐ ఇచ్చిన అంకె ఇంకా సమాచారం కాలేదు. అది ఎన్ని గంటలకు వర్తిస్తుందో, ఏ ధర మీద లెక్కకట్టారో, చెల్లింపు నిజంగా జరిగిందో లేదో పక్కన రాసినప్పుడే అవుతుంది.

ఆ మూడింటినీ ఒక్కో ఎక్స్ఛేంజీ ఒక్కోలా చెబుతుంది, కొన్ని అసలు చెప్పవు. బిట్‌మెక్స్ ప్రతి వరుసలోనూ ఫండింగ్ గడువు, అంటే ఎన్ని గంటలకోసారో, రాస్తుంది, కాకపోతే ఎనిమిది గంటలు అనడానికి 2000 జనవరి 1 ఉదయం 8 గంటలు అని ఒక తేదీ రూపంలో పంపుతుంది. డెరిబిట్‌లో ఫండింగ్ నిర్ణీత సమయానికి కాదు, నిరంతరం జమవుతూ ఉంటుంది. చరిత్ర అడిగితే గంటకోసారి తీసిన వరుసలో ఒక గంట రేటు, ఎనిమిది గంటల రేటు రెండూ ఇస్తుంది. ఏది తీసుకోవాలో మనకు తెలియాలి. సొలానా మీద నడిచే డ్రిఫ్ట్ దగ్గర రికార్డులో వచ్చేది శాతమే కాదు. ఒక్కో యూనిట్‌కు ఎన్ని డాలర్లు అన్న మొత్తం, అదీ వంద కోట్లతో గుణించిన పూర్ణాంకంగా. బ్లాక్‌చెయిన్ ప్రోగ్రాములు పూర్ణాంకాలతో లెక్కలు చేస్తాయి కాబట్టి అలా ఉంటుంది. అదే రికార్డులోని ఒరాకిల్ (బయటి మార్కెట్ ధరను చెయిన్ మీదికి తెచ్చే వ్యవస్థ) సగటు ధరను, అది పది లక్షలతో గుణించి ఉంటుంది, తీసుకుని భాగిస్తే గానీ రేటు రాదు.

ఇంకా చిక్కైనది, గంటలు మారిపోవడం. బైనాన్స్‌లో చాలా చిన్న కాయిన్లకు ఎనిమిది గంటల గడువును నాలుగు గంటలు చేశారు. ధర మరీ చెదిరిపోతే కొన్నింటికి గంట కూడా చేస్తారు. ఇప్పుడు అమల్లో ఉన్న గడువు చెప్పే ఎండ్‌పాయింట్ వేరే ఉంది. కానీ అది ఇవాళ్టి సంగతి చెబుతుంది, రెండేళ్ల కిందటి వరుసకు ఎంత గడువో చెప్పదు. ఇవాళ్టి నాలుగు గంటల్ని పట్టుకెళ్లి పాత వరుసలన్నింటికీ అంటిస్తే పాత రేట్లన్నీ వార్షిక లెక్కలో రెట్టింపవుతాయి. అందుకని గడువును మేం కాయిన్‌కు కాదు, వరుసకు రాస్తాం. ఈ వరుస సమయం నుంచి ముందు వరుస సమయం తీసేస్తే వచ్చేదే ఈ వరుస గడువు. మార్పు జరిగిన రోజును విడిగా, ఎక్స్ఛేంజీ ప్రకటనతో పోల్చి గుర్తుపెడతాం.

అప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. మధ్యలో పదహారు గంటల ఖాళీ కనబడితే గడువు మారిందా, వరుస పోయిందా? సున్నాకూ లేకపోవడానికీ ఎంతో తేడా. రేటు సున్నా అంటే ఎవరూ ఎవరికీ కట్టలేదు. వరుస లేదంటే ఏం జరిగిందో మన దగ్గర లేదు. ఖాళీలను సున్నాతో నింపే అలవాటు డేటా పనిలో బాగా పాతుకుపోయింది. ఇక్కడ అది ప్రమాదం. సర్వర్లు మొరాయించేది, వరుసలు తప్పిపోయేది సాధారణంగా మార్కెట్ కుప్పకూలిన రోజునే. 2020 మార్చి 12న బిట్‌కాయిన్ ఒక్కరోజులో దాదాపు సగానికి పడిపోయినప్పటి వరుసలు చూడండి, మిగతా ఏడాది మొత్తం కన్నా ఆ కొద్ది గంటలే ఎక్కువ చెబుతాయి. అలాంటి గంటల్ని సున్నాలుగా మార్చి చేతికిస్తే, ఆ డేటా మీద కట్టిన ఏ వ్యూహమైనా భద్రంగానే కనిపిస్తుంది. మా టేబుల్లో ఖాళీ ఖాళీగానే ఉంటుంది, పక్కన కారణం రాసే కాలమ్ ఒకటి ఉంటుంది.

అంచనా రేటు, అసలు రేటు కలిసిపోవడం మరో గండం. వచ్చే చెల్లింపుకు ఎంత పడొచ్చో ఎక్స్ఛేంజీలు క్షణక్షణం చూపిస్తుంటాయి. మార్క్ ధరతో (పొజిషన్ల విలువ కట్టడానికి ఎక్స్ఛేంజీ వాడే ధర) కలిపి వచ్చే ఆ అంకె చివరి నిమిషం దాకా మారుతూనే ఉంటుంది. ఎనిమిది గంటలకు స్థిరపడి చరిత్రలోకి వెళ్లేది వేరు. పాత డేటా మీద వ్యూహాన్ని పరీక్షించేటప్పుడు 7:55కి నిర్ణయం తీసుకున్నట్టు చూపించి, 8 గంటలకు తేలిన రేటును అందులో వాడేస్తే, రేపటి పేపరు ఇవాళ చదివి పందెం కట్టినట్టు అవుతుంది. 7:55కి కనిపించిన అంచనాను చాలా ఎక్స్ఛేంజీల ఏపీఐలు తర్వాత అడిగితే ఇవ్వవు. కావాలంటే ఆ నిమిషాన మనమే తీసి దాచుకోవాలి. మాకు అంచనాలది వేరే టేబుల్, వేరే స్క్రిప్టు, నిమిషానికో వరుస. ఇప్పుడు మా దగ్గరున్నవాటిలో నేను అన్నింటికన్నా విలువైనదిగా చూసుకునేది ఆ టేబుల్‌నే. దాన్ని మళ్లీ ఎక్కడి నుంచీ తెచ్చుకోలేం.

ఇదంతా సరిగ్గా ఉందో లేదో తేల్చేది ఒక్కటే, ఖాతాలో పడిన డబ్బు. ట్రేడింగ్ టీమ్ పొజిషన్ల మీద నిజంగా వచ్చిన, పోయిన ఫండింగ్ మొత్తాల్ని ప్రైవేట్ ఏపీఐ నుంచి తెచ్చుకుంటాం. వాటిని మా రేటు, ఆ క్షణపు ధర, పొజిషన్ పరిమాణం మూడూ గుణించి వచ్చినదాంతో పోలుస్తాం. పైసల దాకా కలవాలి. కలవకపోతే ఎక్కడో మనకు తెలియని నియమం ఒకటి ఉన్నట్టే. చాలాచోట్ల గుణించాల్సింది మార్క్ ధరతో, హైపర్‌లిక్విడ్‌లో ఒరాకిల్ ధరతో. బిట్‌కాయిన్‌లోనే మార్జిన్ కట్టే పాతరకం కాంట్రాక్టుల్లో పొజిషన్ విలువ డాలర్లలో స్థిరంగా ఉంటుంది, చెల్లింపు బిట్‌కాయిన్‌లో జరుగుతుంది, కాబట్టి ధరతో గుణించడం కాదు, భాగించాలి. చెల్లింపు కూడా సరిగ్గా గంట కొట్టగానే జరగదు, కొన్ని సెకన్లు అటూఇటూ అవుతుంది. గంట దాటిన ఐదో సెకనులో తెరిచిన పొజిషన్ మీద కూడా ఫండింగ్ పడొచ్చు. ఖాతా చెల్లింపుల చరిత్రను కొన్నిచోట్ల మూడు నెలలకు మించి ఇవ్వరు. ఈ పోలికను నెలాఖరు దాకా వాయిదా వేయకుండా రోజూ చేసేది అందుకే.

పోయిన డేటా గురించి కూడా చెప్పాలి. ఎఫ్‌టీఎక్స్ 2022 నవంబరు 11న దివాలా పిటిషన్ వేసింది. గంటగంటకూ ఫండింగ్ చెల్లించిన పెద్ద ఎక్స్ఛేంజీ అది. తర్వాత దాని ఏపీఐ కూడా కనుమరుగైంది. అప్పటికే దింపుకున్నవాళ్ల దగ్గర ఉన్నదే ఉన్నది. డీవైడీఎక్స్ పాత వెర్షన్ 2024లో మూతపడి, కొత్త చెయిన్ మీదికి మారింది. ఎక్స్ఛేంజీలు బతికే ఉన్నా కాయిన్లు పోతుంటాయి. ఇప్పుడు ట్రేడవుతున్న కాయిన్ల జాబితా తీసుకుని వాటి చరిత్ర మాత్రమే దింపితే, మునిగిపోయినవన్నీ లెక్కలో లేకుండా పోతాయి, మిగిలినవాటి కథే చరిత్ర అనిపిస్తుంది. పేర్ల గొడవ ఇంకోటి. షిబా ఇనూ లాంటి అతి చౌక కాయిన్లను వెయ్యేసి కట్టకట్టి, పేరు ముందు 1000 చేర్చి అమ్ముతారు. ఒకచోట 1000పేపే, ఇంకోచోట కేపేపే, మరోచోట ఉత్త పేపే. రేటు శాతమే కనుక దానికి ఇబ్బంది లేదు, ధరతో గుణించే చోట మాత్రం వెయ్యి రెట్లు తప్పుతుంది.

ఇంత జాగ్రత్తగా దాచిన డేటా ఎంత చెబుతుందో చూడాలంటే 2022 ఆగస్టు, సెప్టెంబరు ఈథర్ వరుసలు తెరవాలి. సెప్టెంబరు 15న ఎథీరియం మైనింగ్ నుంచి స్టేకింగ్‌కు మారింది. ఆ రోజు చెయిన్ చీలితే స్పాట్‌లో ఈథర్ ఉన్నవాళ్లకు కొత్త కాయిన్ ఉచితంగా వస్తుంది, పర్పెచ్యువల్ ఉన్నవాళ్లకు రాదు. అందుకని జనం స్పాట్ కొని, ధర పడితే నష్టపోకుండా పర్పెచ్యువల్ షార్ట్ చేశారు. షార్ట్‌లు ఎంత ఎక్కువయ్యారంటే రేటు వారాల తరబడి మైనస్‌లోకి పోయింది, ఆ తేదీ దగ్గరపడేకొద్దీ ఇంకా లోతుకు దిగింది. మార్పు జరిగిపోగానే పైకి లేచింది. ఆ కొద్ది వారాల అంకెల్లో వేలమంది ఏం ఆశించారో, దానికి ఎంత కట్టడానికి సిద్ధపడ్డారో వరుసగా రాసి ఉంది. ఆ ఫైలు తెరిచినప్పుడల్లా నా ఉద్యోగం మీద నాకు గౌరవం పెరుగుతుంది.

మిగతావి రోజువారీ పనులు. ఎక్కువ రిక్వెస్టులు పంపితే 429 అనే ఎర్రర్ కోడ్ వస్తుంది, అయినా ఆగకపోతే బైనాన్స్ 418 పంపి కొంతసేపు తలుపు మూసేస్తుంది. ఆగి, వ్యవధి పెంచుకుంటూ మళ్లీ అడగాలి. కొన్ని ఎక్స్ఛేంజీలు అమెరికా చిరునామాల నుంచి అడిగితే జవాబివ్వవు కాబట్టి సర్వర్ ఎక్కడ పెట్టాలన్నదీ ఆలోచించాల్సిందే. 2023 డిసెంబరులో మన ఆర్థిక నిఘా విభాగం తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజీలకు నోటీసులిచ్చాక, వాటి వెబ్ చిరునామాలు అప్పట్లో మన దేశంలో తెరుచుకోవడం ఆగిపోయింది. మా సర్వర్లు సింగపూర్‌లోనే ఉండటం వల్ల సేకరణ ఆగలేదు. ఏపీఐ పంపిన జవాబును ఒక్క అక్షరం మార్చకుండా, వచ్చిన సమయంతో సహా ముందు ఒకచోట పడేస్తాం. శుభ్రం చేసిన టేబుళ్లన్నీ దాని నుంచే తయారవుతాయి. ఏదైనా నియమం కొత్తగా తెలిస్తే మూలం నుంచి మళ్లీ కట్టుకోవచ్చు.

ఇప్పుడు మా జాబితాలోకి కొత్త ఎక్స్ఛేంజీ ఒకటి చేరుతోంది. ఆ హనుమకొండ కుర్రాడికే అప్పగించాను. కోడ్ మొదలుపెట్టకముందే అతను ఒక కాగితం నింపాడు. గడువెంత, అది మారుతుందా, ప్లస్ అంటే ఎవరు కట్టాలి, శాతమా డాలర్లా, చరిత్ర ఎంత వెనక్కి ఇస్తారు. ఏ ధర మీద లెక్కకడతారన్న చోట మాత్రం ఖాళీ వదిలాడు, వాళ్ల డాక్యుమెంట్లలో ఆ మాట లేదు. ఈ వారం ట్రేడింగ్ టీమ్ అక్కడ చిన్న పొజిషన్ ఒకటి తీసుకుని గంట దాటనిస్తుంది. వచ్చిన చెల్లింపును రేటుతోనూ పరిమాణంతోనూ భాగిస్తే ఒక ధర తేలుతుంది. అది మార్క్ ధరతో కలుస్తుందా, ఇండెక్స్‌తో కలుస్తుందా చూసి, ఆ ఖాళీ నింపాక వరుసలు అసలు టేబుల్లోకి వెళ్తాయి.